చారిత్రక నవల మొదలుపెట్టాలంటే ఏది? (కళ్ల వర్ణన మూడు పేజీలు దాటనిది)

రాజాం_డైలీ
శ్రీకాకుళం నుంచి రాజాం రోజూ బస్సులో వెళ్లొస్తాను. ఫోను చూసి చూసి కళ్లు లాగుతున్నాయి, ఇక పుస్తకం పట్టుకుందామని నిర్ణయించుకున్నాను. పొన్నియిన్ సెల్వన్ సినిమా రెండు భాగాలూ చూసినప్పటి నుంచి రాజులు, కోటలు, వేగులవాళ్లు ఉన్న కథ చదవాలని కోరిక. ఆఫీసులో ఒక పెద్దాయన్ని అడిగితే ఒక నవల చేతిలో పెట్టి, ఇది చదవకపోతే తెలుగువాడివే కాదన్నారు. చదివాను. నాయిక కళ్లు, నడక, జడ, చెలికత్తెలు, ఉద్యానవనం... ఎంతకీ కథ గుమ్మం దాటి బయటికి రాదు. వదిలేశాను. ఇప్పుడు ఆయన ఎదురొస్తుంటే నేను వేరే మెట్లెక్కి వెళ్తున్నాను.

అడిగేది ఇదీ. మొదటిసారి చదివేవాడికి మీరు ఏ చారిత్రక నవల ఇస్తారు? కొనడానికి దొరకాలి. కథ నడవాలి. మన ప్రాంతం కథ అయితే ఇంకా సంతోషం. సినిమా చూడు అనేవాళ్లు, నవలలెందుకు అసలు చరిత్రే చదువుకో అనేవాళ్లు ఈసారికి నన్ను వదిలేయండి.

గంటస్తంభం
వదిలేసింది ఏ నవలో ముందు చెప్పండి. లేకపోతే మేం మళ్లీ అదే చెబుతాం.

రాజాం_డైలీ
హిమబిందు. కొట్టకండి.

చెదల_బీరువా
కొట్టేవాళ్లు దారిలో ఉన్నారు, కాచుకోండి.

అడివి బాపిరాజు చిత్రకారుడు. బొమ్మ కళ్ల ముందు పూర్తయితే గానీ ఆయన వాక్యం కదలదు. హిమబిందులో శాతవాహనుల కాలం మొత్తాన్ని, నగల దగ్గర్నుంచి స్తూపాల మీది శిల్పాల దాకా, చూపించాలన్నది ఆయన ఆశ. దానికి తీరిక కావాలి. కండక్టరు టికెట్ టికెట్ అని అరుస్తుంటే ఆ నవల లోపలికి రానివ్వదు. మీకు ఇచ్చిన పెద్దాయన అభిరుచి మంచిదే, ఎవరికిస్తున్నారో చూసుకోలేదు, అంతే.

అదే రచయిత గోన గన్నారెడ్డి తీసుకోండి. కాకతీయుల కాలం. ఆడది సింహాసనం ఎక్కడమేంటని రుద్రమదేవి మీద కత్తి దూసిన సామంతులు ఒక పక్క, గజదొంగ అన్న పేరుతో వాళ్లని ముప్పుతిప్పలు పెట్టే గన్నారెడ్డి ఇంకో పక్క. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో అల్లు అర్జున్ వేసిన పాత్ర ఇదే. సినిమా మాట ఎత్తొద్దన్నారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. తర్వాత అంశుమతి, తూర్పు చాళుక్యుల కథ. అడవి శాంతిశ్రీ, ఇక్ష్వాకుల కాలానిది, అలవాటయ్యాక చదవండి.

వర్ణన మరీ సాగితే నేను నిస్సంకోచంగా పేజీ తిప్పేస్తాను. పాపమేమీ చుట్టుకోలేదు.

నాగావళి_ఒడ్డు
వర్ణనలు తిప్పేస్తే బాపిరాజులో మిగిలేది అట్టలే కదా మాస్టారూ.

రాజాం_డైలీ గారూ, మీరు తెన్నేటి సూరి చెంఘిజ్ ఖాన్ తీసుకోండి. గోబీ ఎడారి, గుర్రాలు, తెగల పగలు, తండ్రి పోయి దిక్కులేకుండా పెరిగిన తెమూజిన్ అనే కుర్రాడు ప్రపంచాన్ని వణికించడం. ఊపిరి తీసుకోనివ్వదు. మా హాస్టల్లో ఒకే కాపీ ఉండేది. ఒకడు చదువుతుంటే ఇంకొకడు మంచం దగ్గర కాచుక్కూర్చునేవాడు. వార్డెను గారు కూడా వరసలో ఉన్నారని తర్వాత తెలిసింది.

పలాస_జీడిపప్పు
మన ప్రాంతం కథ కావాలంటే మనిషిని మంగోలియా పంపించేశారు. ఏటండీ ఇది?

నాగావళి_ఒడ్డు
కథ నడవాలన్నది షరతు. మన ప్రాంతం అన్నది కోరిక. ప్రశ్న సరిగ్గా చదవండి బాబూ.

ఎనిమిదో_క్లాసు_సోషల్
చెంఘిజ్ ఖాన్ బాగుంటుంది, కాదనను. కానీ ఆ నవల చదివొచ్చిన పిల్లలు నా క్లాసులో రాసే జవాబుల్లో ఆయన ధైర్యం ఉంటుంది, తగలబడిన నగరాలు ఉండవు. రచయిత ఆయన పక్షాన నిలబడి రాశారు. నవల రాసేవాడికి ఆ హక్కుంది. చదివేవాళ్లం మాత్రం ఆ సంగతి ఎరిగి చదవాలి.

నేను చారిత్రక నవల కొనేముందు రెండు పనులు చేస్తాను. ముందుమాట చదువుతాను. ఏది శాసనాల్లో ఉంది, ఏది నేను అల్లాను అని రచయిత చెప్పుకున్నాడా? చెప్పుకుంటే సగం నమ్మకం కుదిరినట్టే. తర్వాత మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరుస్తాను. అక్కడ పడవవాడో, కుమ్మరో, వంటావిడో తన బతుకు గురించి తాను మాట్లాడుతుంటే కొంటాను. పేజీ నిండా మహారాజా, మహామంత్రీ అన్న పిలుపులే ఉంటే అక్కడే పెట్టేస్తాను.

నోరి నరసింహశాస్త్రి గారి నారాయణభట్టు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. రాజరాజ నరేంద్రుడి కాలం, నన్నయ భారతం మొదలుపెట్టిన రోజులు. ఆ నారాయణభట్టు కల్పిత పాత్ర కాదు. ఆయనకి రాజు నందంపూడి ఊరిని అగ్రహారంగా ఇచ్చిన 1053 నాటి శాసనం ఉంది, దాన్ని రచించింది నన్నయే. అలాంటి ఒక్క ఆధారం పట్టుకుని మనుషుల్ని నిలబెట్టడం చూడాలంటే ఈ నవల చదవాలి. వేగం తక్కువ, ముందే చెబుతున్నాను.

విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాల, ఆ పన్నెండు నవలలు, పిల్లలు అడిగితే ఇప్పుడే వద్దంటాను. అందులో కాలం లెక్క కోట వెంకటాచలం గారిది. చరిత్రకారులు ఒప్పుకునే తేదీలతో ఎక్కడా కలవదు.

తెలుగు_ఖడ్గం
అంటే ఇంగ్లీషువాడు వేసిన తేదీలే తేదీలు, మనవాళ్లు వేసినవి కట్టుకథలు. బాగుందండీ మీ సోషల్.

ఎనిమిదో_క్లాసు_సోషల్
నవలగా చదవండన్నాను. పరీక్షలో రాయొద్దన్నాను. రెండింటికీ తేడా ఉంది. విశ్వనాథ గారి ఏకవీర నేనే ఎందరికో కొనిచ్చాను. మదురై నాయక రాజుల కాలం, ఇద్దరు స్నేహితులు, తారుమారైన రెండు పెళ్లిళ్లు. చిన్న నవల. రాజాం_డైలీ గారికి అది కూడా పనికొస్తుంది.

కోట_వెనక_వీధి
ఏకవీర చదివి నాకు చాలా రోజులు కోపం తగ్గలేదు. తప్పు ఎవరిదో తేలకుండానే శిక్ష ఆడవాళ్ల మీద పడుతుంది. గొప్పగా రాశారు, అందుకే కోపం.

గంటస్తంభం
మన ప్రాంతం అని అడిగి ఇంతసేపైంది. ఎవరూ ఆ పేరు ఎత్తట్లేదు. నేనే ఎత్తుతాను. బొబ్బిలి.

పలాస_జీడిపప్పు
టీ పెట్టుకుని వస్తాను, ఆగండి.

బొబ్బిలి_వీణ
ముందు మీరు కానివ్వండి. విజయనగరం వాళ్లు ఏం చెబుతారో విందాం.

గంటస్తంభం
చెబుతాను. 1964లో బొబ్బిలి యుద్ధం, 1986లో తాండ్ర పాపారాయుడు. ఏ సినిమా తీసుకున్నా మా రాజు దుర్మార్గుడే. మా నాన్నగారు విజయనగరంలోనే, కోటకి కూతవేటు దూరంలో ఉన్న హాల్లో కూర్చుని, మా రాజు చచ్చిపోతుంటే ఈల వేశారట. ఊరంతా అంతే. కథ చెప్పేవాడికి అంత బలం ఉంటుంది.

ఇప్పుడు కొంచెం నిదానంగా చూడండి. 1753లో నిజాం ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకి ఇచ్చేశాడు. వాళ్ల సేనాని బుస్సీకి కావలసింది శిస్తు. మా రాజు పెద విజయరామరాజుకీ బొబ్బిలి రాజు రంగారావుకీ సరిహద్దుల దగ్గర, నీళ్ల దగ్గర పాత తగాదాలు. ఈ రెండూ కలిసి 1757 జనవరి 24న కోట ముందుకి ఫిరంగులొచ్చాయి. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లలనీ తామే చంపుకున్నారు, రంగారావు పోరాడుతూ పోయాడు. కొద్ది రాత్రులకే బొబ్బిలి వైపు వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని చంపి తానూ ప్రాణం వదిలాడు. నవలలు, నాటకాలు, సినిమాలు ఇక్కడ ఆగిపోతాయి.

ఆగకూడదు. ముప్పై ఏడేళ్లు గడిచాక, 1794 జూలై 10న, అదే పూసపాటి వంశంలో చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర ఇంగ్లీషు కంపెనీ సైన్యాన్ని ఎదిరించి చనిపోయాడు. పేష్కష్ (కప్పం) బకాయిలు కట్టు, రాజ్యం వదిలిపో అంటే వెళ్లనన్నాడు. పొరుగువాడి మీదకి తెల్లవాడి ఫిరంగి తెచ్చిన ఇల్లు, ఆఖరికి తెల్లవాడి తుపాకీకే కూలింది. బొబ్బిలిలో మొదలై పద్మనాభంలో ముగిసే నవల రాస్తే అది కదా నవల. అందులో మా రాజు దుర్మార్గుడూ కాదు, దేవుడూ కాదు.

బొబ్బిలి_వీణ
బాగా చెప్పారు గానీ, పొరుగు తగాదాకి ఎవరైనా ఫిరంగులు తెచ్చుకుంటారా? మా పొలం గట్టు జరిపారని కలెక్టర్ని తీసుకురావచ్చు, పోలీసుని తీసుకురావచ్చు. పరాయి దేశపు పటాలాన్ని?

సరే, పుస్తకాల సంగతి. రాజాం_డైలీ గారూ, మీరు రోజూ దిగే ఊరి కోటలోనే పాపారాయుడు ఉన్నాడు, బొబ్బిలి ముట్టడి కబురు ఆయనకి సమయానికి అందలేదని మావైపు చెప్పుకుంటాం. ఈ యుద్ధం మీద నవలల కన్నా ముందు జంగం కథ వినాలి. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు పరిష్కరించి అచ్చు వేయించిన బొబ్బిలి పాట ఉంది. దిట్టకవి నారాయణకవి రంగారాయ చరిత్ర ఉంది, యుద్ధం జరిగిన ఆ శతాబ్దంలోనే రాసిన పద్యకావ్యం. రాబర్ట్ ఆర్మ్ రాసిన కంపెనీ యుద్ధాల చరిత్రలో బొబ్బిలి వీరుల్ని ఆకాశానికెత్తిన భాగం ఉంది. అయితే ఆర్మ్ ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి, బుస్సీ ఫ్రెంచివాడు. శత్రువు చేతిలో పోయినవాణ్ని పొగడటం సులువు. సోషల్ మాస్టారు ముందుమాట చదవమన్నారు కదా, ఇలాంటిచోట రచయిత జీతం ఎవరిచ్చారో కూడా చూడాలి.

ఎనిమిదో_క్లాసు_సోషల్
మాస్టారు కాదు, మేడం. ఆ చివరి మాట మాత్రం రేపు క్లాసులో వాడుకుంటాను.

కోట_వెనక_వీధి
మీరిద్దరూ రాజుల దగ్గరే తిరుగుతున్నారు. పైడిమాంబ వైపు నుంచి ఎవరూ ఎందుకు చెప్పరు? యుద్ధం వద్దని అన్నగారు పెద విజయరామరాజుకి చెప్పిన చెల్లెలు, ఆయన చనిపోయాడని విని పెద్దచెరువులో ఐక్యమైందని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఏటా విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను కోటముందు తిరిగేది ఆమె పేరు మీదే. మా అత్తగారు ఈ కథ చెబుతుంటే బొబ్బిలి యుద్ధం పూర్తిగా వేరే యుద్ధంలా ఉంటుంది. అందులో ఫిరంగులు ఉండవు. అన్నకి కోపం వస్తుందని భయపడే ఇల్లు ఉంటుంది.

తెలుగు_ఖడ్గం
దాన్ని నవలగా రాస్తే మొదటి కాపీ నాదే. ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ గొడవ లేదు.

గంటస్తంభం
ఖడ్గం ఒరలో పెట్టిన మొదటి సందర్భం. తేదీ రాసుకోండి.

బొబ్బిలి_వీణ
పెద విజయరామరాజు తప్పు లేదని మాత్రం నేను ఒప్పుకోను.

గంటస్తంభం
లేదని నేనూ అనలేదు. పైన చదవండి.

మోడరేటర్
బొబ్బిలి, విజయనగరం తగాదాకి వేరే చర్చ తెరిచాను. ఇక్కడ చదవాల్సిన పుస్తకాలే చెప్పండి.

పలాస_జీడిపప్పు
టీ చల్లారకముందే ఆపేశారు. అన్యాయం.

శ్రీముఖలింగం
ప్రతిసారీ ఇంతే. మన ప్రాంతం అనగానే బొబ్బిలి, బొబ్బిలి అయ్యాక సిరిమాను, అక్కడితో చరిత్ర అయిపోతుంది. అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు వంశధార ఒడ్డున మా ఊరు కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. ఇప్పుడు మా ఊరొచ్చేవాళ్లు మధుకేశ్వరుడికి దండం పెట్టుకుని, భీమేశ్వరం, సోమేశ్వరం చూసి, సాయంత్రానికి వెళ్లిపోతారు. గోడల మీది శాసనాల వైపు చూసేవాళ్లు తక్కువ. గిడుగు రామమూర్తి గారు ఆ శాసనాలు చదివి ఇదే కళింగనగరం అని వాదించారు. వాడుకభాష గిడుగుగానే అందరికీ తెలుసు, శాసనాల గిడుగు మా ఊరికి తెలుసు.

1078లో అనంతవర్మ చోడగంగదేవుడు ఇక్కడే గద్దెనెక్కాడు. తల్లి చోళ రాజకుమార్తె. పూరీలో ఇప్పుడున్న జగన్నాథాలయం కట్టడం మొదలుపెట్టించింది ఆయనే. రాజాం_డైలీ గారు పొన్నియిన్ సెల్వన్ చూసి ఇటొచ్చారు కదా, ఇంకో సంగతి వినండి. చోడగంగు కాలంలోనే కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగం మీదకి దండెత్తాడు. ఆ యుద్ధం మీద జయంకొండార్ తమిళంలో కళింగత్తుప్పరణి అనే కావ్యం రాశాడు. గెలిచినవాళ్లు పాట కట్టుకున్నారు. ఓడినవాళ్ల వైపు నుంచి, అంటే మన వైపు నుంచి, తెలుగులో ఒక మంచి నవల రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి? తల్లి తరఫు బంధువులు దండెత్తి వస్తున్నారు, కొడుకు ఎటు నిలబడాలి? ఆ ఇంట్లో ఆ రాత్రి భోజనం దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారో అని మా గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను.

మన నవలాకారులు వరంగల్లు, రాజమహేంద్రవరం, హంపి వెళ్లారు, మదురై, తంజావూరు కూడా వెళ్లారు. వంశధార దాటలేదు.

చెదల_బీరువా
ఒరియావాళ్లు గాంగులు మావాళ్లంటారు, తమిళులు మేమే గెలిచామంటారు, మనం మాట్లాడం. 1936 దాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉంది. ఒరిస్సా ఏర్పడినప్పుడు గీత గీసి ఇటు కలిపారు. గీత ఇవతల మిగిలిన చరిత్రని ఎవరూ చేతిలోకి తీసుకోలేదు. నవల రాయాలంటే మూడు భాషల పుస్తకాలు ముందేసుకోవాలి. అంత ఓపిక ఉన్న రచయితకి మన షాపుల్లో నూరు కాపీలు అమ్ముడవుతాయా అన్నది అసలు చిక్కు.

శ్రీముఖలింగం
అది నిజం. కోపం అందుకే.

మందస_రైతుబిడ్డ
రాజులు, రాజుల చెల్లెళ్లు, రాజుల మేనమామలు. చరిత్ర అంటే ఇదేనా? మా మందస జమీందారీలో అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం రైతులు తిరగబడ్డారు. 1940లో గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగితే నిండు గర్భిణి వీరగున్నమ్మ చనిపోయింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని కాల్చేశారు, తర్వాత మూడేళ్లు ఈ కొండలన్నీ మండాయి. ఇవి చారిత్రక నవలలకి పనికిరావా?

రాజాం_డైలీ అన్నా, కిరీటాలు లేని చరిత్ర కావాలంటే వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు చదువు. రెండూ నిజాం కాలపు తెలంగాణ పల్లెలు. మహీధర రామమోహనరావు కొల్లాయి గట్టితేనేమి గోదావరి వైపు సహాయ నిరాకరణ రోజుల కథ. ఇక ఏడు తరాలు. అలెక్స్ హేలీ పుస్తకానికి సహవాసి తెలుగు. ఆఫ్రికా నుంచి ఎత్తుకెళ్లిన కుంటా కింటే వంశం కథ. మొదలుపెడితే వదలవు.

నాగావళి_ఒడ్డు
చిల్లర దేవుళ్లు రాసినాయన ఆ కాలాన్ని కళ్లారా చూశాడు. తాను చూసింది రాస్తే అది చారిత్రక నవల ఎలా అవుతుంది? రచయిత పుట్టకముందు జరిగింది రాయాలి.

మందస_రైతుబిడ్డ
రాసినప్పుడు కాకపోవచ్చు, నువ్వు చదివేటప్పుడు అయింది. నిజాం పోయి ఎన్నేళ్లు?

పలాస_జీడిపప్పు
ఆ లెక్కన మా ఇంట్లో కరెంటు బిల్లులన్నీ చారిత్రకమే. 1987 నుంచి దాచారు మా తాత.

ఎనిమిదో_క్లాసు_సోషల్
ఈ రెండు వాదాలకీ మధ్య నిలబడే పుస్తకం ఒకటుంది. బండి నారాయణస్వామి శప్తభూమి. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ. పాలెగాళ్లు ఉన్నారు, కానీ కథ వాళ్ల చుట్టూనే తిరగదు. కరువు, కులం, గుడి, ఊరు చివరి మనుషులు. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మాటలు సీమ యాసలో ఉంటాయి, మనవైపు వాళ్లకి మొదట కొంచెం పట్టిపట్టి చదవాల్సి వస్తుంది. తర్వాత యాసే లాక్కుపోతుంది. బొబ్బిలి మీద రాయాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదివాకే కలం పట్టాలని నా అభిప్రాయం. మన యాసలో ఒక కళింగ సైనికుడు మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పలాస_జీడిపప్పు
"ఓలమ్మో, సోళులొచ్చినారే!"

శ్రీముఖలింగం
నవ్వొచ్చింది గానీ, మొదటి వాక్యం అదే అయితే నేను కొంటాను.

కోట_వెనక_వీధి
ఆడవాళ్లు రాసినవి ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. మల్లాది వసుంధర తంజావూరు పతనం ఉంది, నాయక రాజుల చివరి రోజులు. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో అట్ట ఊడిపోయిన కాపీ ఉండేది. పిలకా గణపతిశాస్త్రి గారి విశాల నేత్రాలు కూడా ఆ పెట్టెలోదే. శ్రీరంగం, రామానుజుల కాలం, ఒకామె కళ్ల మీద మోహంతో మతిపోయిన ఒక మల్లుడు. రాజాం_డైలీ గారికి కళ్ల వర్ణన పడదు కదా, అందులో కళ్లే కథ. అయినా చదివించుతుంది, పందెం.

బస్సులో చదవడానికైతే నా ఓటు ఓల్గా నుంచి గంగకు. రాహుల్ సాంకృత్యాయన్ హిందీలో రాసింది, తెలుగు చేసింది మన విజయనగరం చాగంటి తులసి గారు, చాసో గారమ్మాయి. క్రీస్తు పూర్వం 6000 నుంచి 1942 దాకా ఇరవై కథలు. ఒక్కో కథ ఒక్కో కాలం. నవల కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒక కథ ఒక ప్రయాణంలో అయిపోతుంది, నిన్న ఎక్కడ ఆపానో వెతుక్కోనక్కర్లేదు. మొదటి కథల్లో ఇంటికి పెద్ద తల్లి. పేజీలు తిరిగేకొద్దీ ఆ పెద్దరికం ఎలా జారిపోయిందో మీరే చూస్తారు.

తెలుగు_ఖడ్గం
ఆయన రాసింది మార్క్సిస్టు చరిత్ర. అది కూడా ఎరిగి చదవాలి మరి. సోషల్ మేడం సూత్రం అందరికీ వర్తించాలి కదా.

ఎనిమిదో_క్లాసు_సోషల్
వర్తిస్తుంది. ఆర్యుల రాకడ గురించి అందులో ఉన్నదంతా ఇప్పటి పరిశోధకులు అలాగే ఒప్పుకోరు. ఖడ్గం గారు చెప్పింది సరైన మాట.

గంటస్తంభం
ఇవాళ వర్షం పడుతుంది.

రాజాం_డైలీ
ఇంత వస్తుందనుకోలేదు. కొనడం గురించి ఎవరైనా చెప్పండి. ఆన్‌లైన్లో ఒకచోట గోన గన్నారెడ్డి చూపిస్తోంది, అక్షరాలు చిన్నవని ఒకాయన రివ్యూ రాశాడు.

చెదల_బీరువా
బాపిరాజు, విశ్వనాథ నవలలు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నాయి, దొరుకుతాయి. నోరి వారివి దొరికినప్పుడు కొనేయాలి, తర్వాత చూద్దాం అనుకుంటే ఉండవు. పాత కాపీలు స్కాన్ చేసినవి ఆర్కైవ్ సైట్లో చాలా ఉన్నాయి. అయితే కొన్నింట్లో పేజీలు వంకర, కొన్నింట్లో స్కాన్ చేసినవాడి బొటనవేలు సరిగ్గా యుద్ధం జరిగేచోట. ఫోను చూడలేకే పుస్తకం అన్నారు కాబట్టి అది మీకు పనికిరాదు.

పాత పుస్తకం ఆన్‌లైన్లో కొంటే చివరి పేజీ ఫొటో అడగండి. నాకు ఒక అమ్మకందారు పంపిన నవలలో ఆఖరి అధ్యాయం లేదు. అడిగితే, ధర అందుకే తక్కువ సార్ అన్నాడు.

నాగావళి_ఒడ్డు
జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి, ఖర్చు నామమాత్రం. నవలల బీరువాలో కింది అరల్లో చూడండి, పైన అంతా పోటీ పరీక్షల పుస్తకాలు. కథానిలయం కూడా శ్రీకాకుళంలోనే ఉంది, 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టింది. అక్కడ ప్రాణం కథలది, నవలల కోసం వెళ్లకండి. పాత పత్రికల్లో పడిన చారిత్రక కథల మీద ఆసక్తి పుడితే మాత్రం ఒక పూట కూర్చోండి.

రాజాం_డైలీ
నిర్ణయం: బస్సుకి ఓల్గా నుంచి గంగకు. ఆదివారాలకి గోన గన్నారెడ్డి. మా నాన్నకి ఏకవీర, ఆయన పాతకాలం సినిమా చూశారట, చూసిందీ చదివిందీ పోల్చుకుంటానన్నారు. శప్తభూమి జీతాలు పడ్డాక. చెంఘిజ్ ఖాన్ మా తమ్ముడి గదిలోనే ఉందని ఇప్పుడే తెలిసింది, వాడు పదోసారి చదువుతున్నాడట, ఇవ్వడు.

బొబ్బిలి_వీణ గారూ, రాజాంలో పాపారాయుడి కోట జాడ ఏమైనా మిగిలిందా? మా ఆఫీసులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చూపించారు.

బొబ్బిలి_వీణ
మోడరేటర్ గారు తెరిచిన రెండో చర్చకి రండి, అక్కడ రాస్తాను. ఇక్కడ రాస్తే గంటస్తంభం గారు మళ్లీ మొదలుపెడతారు.

గంటస్తంభం
నేను ఆల్రెడీ అక్కడే ఉన్నాను.

బొండపల్లి_అమ్మ
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా పాప తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవగలదు కానీ మెల్లగా. చరిత్ర ఇష్టం. తనకి వీటిలో ఏది ఇవ్వాలి?

ఎనిమిదో_క్లాసు_సోషల్
ఏడు తరాలు ఇవ్వండి. భాష తేలిక, సంక్షిప్తం చేసిన పుస్తకం కాబట్టి అందుకోగలదు. కొన్ని ఘట్టాలు కఠినంగా ఉంటాయి, ముందు మీరు చదివేసి ఉంచుకుంటే తను అడిగినప్పుడు మాట్లాడొచ్చు. హిమబిందు, విశ్వనాథ ఇంటర్ తర్వాత.

నాగావళి_ఒడ్డు
చెంఘిజ్ ఖాన్ ఇవ్వండి. తెలుగు మెల్లగా చదివేవాళ్లు కూడా పరిగెడతారు.

ఎనిమిదో_క్లాసు_సోషల్
ఇవ్వకండి. కనీసం పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆగండి.

నాగావళి_ఒడ్డు
మా వార్డెన్ని అడిగి చెప్పమంటారా?